వెనకాల వచ్చే ఇల్లు

మా ఆయనకు ఇల్లు కదలాలని కోరిక. ఇల్లు మారాలని కాదు, కదలాలని. పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్‌లో బీరువాను ఒక గోడ దగ్గర్నుంచి ఇంకో గోడ దగ్గరికి జరపాలంటే ముందు మంచాన్ని హాల్లోకి తేవాలి. మంచం హాల్లోకి వస్తే మనుషులు కారిడార్‌లోకి వెళ్లాలి. అలాంటి ఇంట్లో కూర్చుని, భోజనమయ్యాక ఆయన కారవాన్ల వీడియోలు చూసేవారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇళ్లు. లోపల మంచం, పొయ్యి, సింకు, చిన్న బాత్రూమ్, అన్నీ ఉంటాయి. ఎక్కడ ఆపితే అక్కడే గడప.

"సింగపూర్‌లో దీన్ని ఎక్కడికి లాక్కెళ్తారండీ? ఈ చివర బయల్దేరితే ఫ్లాస్కులో కాఫీ చల్లారకముందే ఆ చివర వచ్చేస్తుంది," అనేదాన్ని. ఆయన నవ్వి ఇంకో వీడియో పెట్టుకునేవారు.

ఆ కోరికకు దారి చూపించింది ఆయన పాత కొలీగ్, కరీంనగర్ అబ్బాయి. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఇద్దరూ పక్కపక్క సీట్లలో పనిచేశారు. ఆ తర్వాత మా ఆయన పాయా లేబర్‌లో వేరే ఆఫీసుకు మారారు, అతను ఆస్ట్రేలియా వెళ్లి పెర్త్‌లో స్థిరపడ్డాడు. అక్కడ ఒక కారవానూ, దాన్ని లాగే పెద్ద కారూ కొనుక్కున్నాడు. "జూన్ సెలవులల్ల రా అన్నా. రెండు బండ్లూ తీస్కపోయి నచ్చినన్ని దినాలు తిరుగు," అని పిలిచాడు. ఆ సాయంత్రం మా ఆయన లిఫ్ట్ దిగుతూనే పాట అందుకున్నారని, కారిడార్ అంతా వినిపించిందని పక్కింటి మలయ్ ఆంటీ మర్నాడు నన్ను ఆటపట్టించింది.

తర్వాత కొద్ది వారాలకే ఆయన ఆఫీసులో, లిఫ్ట్ కోసం నిలబడి ఉండగా ఉన్నట్టుండి పడిపోయారు. ఫిట్స్. అంతకుముందు ఎన్నడూ లేదు. హాస్పిటల్లో అన్ని రకాల స్కాన్లూ తీశారు. తలలో ఎక్కడో కరెంటు ఒక్క క్షణం దారి తప్పిందని, టాబ్లెట్లతో అదుపులో ఉంటుందని, నిద్ర మాత్రం చెడగొట్టుకోవద్దని డాక్టర్ చెప్పింది. చివరికి తలుపు దాకా వచ్చి, "డ్రైవింగ్ మానెయ్యాలి," అంది. ఎంతకాలమని అడిగితే, చూద్దాం అంది.

టాబ్లెట్లు వేసుకోవడానికి ఆయన పేచీ పెట్టలేదు. కారు అమ్మేస్తున్నప్పుడూ ఏమీ అనలేదు. కానీ అప్పట్నుంచి ఎప్పుడైనా గంటల లెక్కన అద్దెకు కారు తీసుకుంటే, నడిపేది నేను కాబట్టి, ఆయన వెనక తలుపు తీసుకుని సంచుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. ముందు సీట్లోకి మా అమ్మాయి వచ్చింది.

"ముందు కూర్చోవచ్చుగా?" అన్నాను మొదటిసారి.

"లగేజీ వెనకే ఉండాలి," అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. పాతికేళ్ల వయసు నుంచీ కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ నడిచిన మనిషి, పెళ్లిచూపులకు కూడా తానే కారు నడుపుకుంటూ వచ్చిన మనిషి, తనకు తాను అలాంటి పేరు పెట్టుకుంటే నేనెలా నవ్వగలను? ఆయన మీద కోపం కాదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజు టాంపినీస్ దాకా హారన్ మీద చూపించాను.

పెర్త్ ప్రయాణం మానేద్దామని ఆయనే అన్నారు. టికెట్లు రద్దు చేయడానికి ఫోన్ తీశారు కూడా.

"నేను నడుపుతాను," అన్నాను.

ఇద్దరూ నా వంక చూశారు, తండ్రీ కూతురూ. నా డ్రైవింగ్ సంగతి వాళ్లకు తెలుసు. మా బ్లాక్ మల్టీ స్టోరీ కార్‌పార్క్‌లో ఖాళీ అంతస్తు దొరికేదాకా పైకి వెళ్తూనే ఉంటాను. పక్కన బండి ఉంటే నాకు చేతులాడవు.

"అమ్మా, యు కాంట్ ఈవెన్ పార్క్ నెక్స్ట్ టు ఎ పిల్లర్, లా," అంది మా అమ్మాయి సింగపూర్ యాసలో.

"అక్కడ పిల్లర్లుండవు," అన్నాను.

ఆయన ఫోన్ పక్కన పెట్టేశారు, టికెట్లు రద్దు చేయలేదు. మర్నాటి నుంచి ఆయన వీడియోలు మారిపోయాయి. ఇప్పుడు అందమైన కారవాన్లు లేవు. అన్నీ ఊగే కారవాన్లే.

అప్పటిదాకా నాకు తెలియదు, వెనకాల వచ్చే బండి ముందు బండిని నడపగలదని. కారవాన్ ఒకసారి అటూ ఇటూ ఊగడం మొదలుపెడితే, ఆ ఊపు పెరిగి పెరిగి, లాగే కారు వెనక భాగాన్నే పక్కకు ఈడ్చేస్తుంది. ఆ వీడియోల్లో బండి మొదట కొద్దిగా తోక ఆడిస్తుంది. తర్వాత ఇంకొంచెం. తర్వాత ఇల్లు ఇల్లంతా రోడ్డుకు అడ్డం తిరుగుతుంది. శబ్దం ఆపేసి చూసేవారు ఆయన, నేను భయపడతానని. వంటింట్లోంచి నేను చూస్తూనే ఉన్నాను.

పెర్త్ అబ్బాయి కారవాన్‌కు ఊగుడు ఆపే సాధనం ఏదీ లేదు. ఊరి బయట దాకా, సముద్రం దాకా వెళ్లొచ్చే మనిషి, ఇప్పటిదాకా అవసరం పడలేదన్నాడు. "మీకేది కావాల్నో చూసి చెప్పుండ్రి, నేను బిగించి పెడ్త," అన్నాడు. ఆ మాటతో మా ఆయనకు పని దొరికింది. స్టీరింగ్ పట్టుకోలేని మనిషికి ఈ ప్రయాణంలో చేయడానికి మిగిలిన పని అదొక్కటే. నెల రోజులు ఆయన దాన్ని ఎంత శ్రద్ధగా చేశారంటే, మా పెళ్లికి ముందు నా గురించి కూడా అంత వాకబు చేసి ఉండరు.

సాయంత్రాలు పుంగ్గోల్ నీళ్ల ఒడ్డున నడుస్తూ నాకు వివరించేవారు. సైకిళ్లు పక్కనుంచి దూసుకుపోతుంటే, రెండు చేతులూ కలిపి, ఒక చెయ్యి కారు, ఒక చెయ్యి కారవాన్ చేసి చూపించేవారు. మూడు దారులున్నాయట. మొదటిది, ఒక పక్కన బిగించే ఒంటి కడ్డీ. పిడి తిప్పి బిగిస్తే రాపిడితో పట్టి ఉంచుతుంది. కానీ బండిని వెనక్కి తీసేటప్పుడు దిగి విప్పాలి. నేను మర్చిపోతానని ఆయనే కొట్టేశారు, నేను ఒప్పుకున్నాను. రెండోది, రెండు పక్కలా బిగించే బలమైన కడ్డీలు. అవి కారు వెనక మీద పడే బరువును కొంత ముందు చక్రాల మీదికి తోస్తాయి. కారవాన్ పక్కకు తిరగబోతే గట్టిగా పట్టుకుంటాయి. మూడోది, కారవాన్ కింద కూర్చునే ఎలక్ట్రానిక్ పెట్టె. ఊగుడు మొదలైందని పసిగడితే మనల్ని అడగకుండా కారవాన్ బ్రేకులు తానే వేసేస్తుంది.

ఆయన మనసు మూడోదాని మీద ఉంది.

"మనిషికి ఏ క్షణంలో ఏమవుతుందో చెప్పలేం. పెట్టెకైతే ఆ బాధ లేదు," అన్నారు.

ఆయన ఎవరి గురించి అంటున్నారో నాకు తెలుసు. పక్కనే నీళ్ల మీద సాయంకాలపు ఎండ పడి మెరుస్తోంది, అటు మలేషియాలోని జొహోర్ వైపు చెట్లు నల్లబడుతున్నాయి. నేను ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను.

ఒక ఆదివారం మా అమ్మాయి ట్రెడ్‌మిల్ మీది బట్టలన్నీ తీసి సోఫా మీద పడేసింది. మా ఇంట్లో ట్రెడ్‌మిల్ అంటే బట్టలారేసే దండెమే. అది తిరుగుతుందన్న సంగతి నేనూ మర్చిపోయాను. ఆ పిల్ల ఒక బొమ్మ కారును దారంతో ముందు కడ్డీకి కట్టి, దాని వెనక చెప్పుల పెట్టెకు చక్రాలు పెట్టి తగిలించింది. తండ్రి చెప్పే పాఠాలు రోజూ విని తనకే ఆసక్తి పుట్టిందట. పెట్టెలో బరువు పెట్టడానికి ఏదైనా కావాలంది. చేతికందినవి దేవుడి దగ్గరి ఇత్తడి కుందులు. నేను వద్దనేలోపే పెట్టేసింది.

మొదట రెండు కుందులూ పెట్టెలో ముందు వైపు పెట్టి, బెల్టు తిప్పింది. బండి బుద్ధిగా వెళ్లింది. వేలితో పక్కకు తోసింది. ఒకసారి ఊగి, మళ్లీ తనంతట తానే సరైన దారిలోకి వచ్చింది. ఇంకా గట్టిగా తోసింది. మళ్లీ అంతే.

తర్వాత అవే కుందుల్ని వెనక్కి జరిపింది. అంతే, ఇంకేమీ మార్చలేదు. వేలితో తాకీ తాకనట్టు తాకింది. చెప్పుల పెట్టె అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ప్రతి ఊపూ ముందటి ఊపుకన్నా పెద్దది. చూస్తుండగానే బొమ్మ కారుతో సహా పల్టీ కొట్టి, కుందులు ఖంగుమని నేల మీద పడ్డాయి.

నేను ఇంజనీరింగ్ చదివాను, ఆయనా చదివారు. బలాల లెక్కలు ఎన్నో పరీక్షల్లో చేసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ రోజు మొదటిసారి చూసినట్టు చూశాను. అదే బండి, అదే బరువు, అదే వేగం. జానెడు దూరం జరిగినందుకు ఒకటి ప్రయాణమవుతుంది, ఇంకొకటి ప్రమాదమవుతుంది. ఆ కుందులకు తెలియదు తాము ముందున్నామో వెనకున్నామో. గుళ్లో గంట మోగినప్పుడు చేసినట్టు చేతులు వాటంతట అవే దగ్గరికొచ్చాయి.

"మళ్లీ ఒకసారి చూపించమ్మా," అన్నారు ఆయన.

ఆ రోజు ఎన్నిసార్లు చూశామో. కుందుల్ని చింతపండుతో తోమి దేవుడి దగ్గర పెట్టేసరికి వంటకు ఆలస్యమైంది. కింద హాకర్ సెంటర్ నుంచి తెచ్చుకుని తిన్నాం.

కడ్డీలా, పెట్టా అన్నది మాత్రం తేలలేదు. ఒక మధ్యాహ్నం లంచ్ మానేసి, ఆఫీసు దగ్గరి ఫుడ్ కోర్టులో కూర్చుని నేను పెర్త్ అబ్బాయికి ఫోన్ చేశాను. ఆ వీడియోలు నేనూ చూసి చూసి ఒకటి కనిపెట్టాను. కారవాన్ బ్రేకుల్ని మాత్రమే విడిగా వేసే బటన్ ఒకటి కారులో ఉంటుంది. ఊగినప్పుడు కారు బ్రేకు తొక్కకూడదు, ఆ బటన్ నొక్కాలి. అప్పుడు వెనక బండి ముందు బండిని వెనక్కి లాగిపట్టి తిన్నగా చేస్తుంది.

"ఆ బటన్ ఎక్కడుంది మీ కారులో?" అని అడిగాను.

"స్టీరింగ్‌కు కుడి పక్కన ఉన్నది వదినా."

"దాన్ని మధ్యలోకి మార్చగలవా? పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు అందేలా? నా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి."

తెలివైన పిల్లాడు.

"సమజైంది వదినా. మార్పిస్త. అన్నకు మీరే చెప్పుండ్రి."

"కడ్డీలు బిగించు. పెట్టె వద్దు."

"పెట్టె కూడా మంచిదే వదినా."

"మంచిదే. మా ఆయన ముందు సీట్లోకి రావాలంటే ఆ పని పెట్టె చేయకూడదు," అన్నాను. అనేశాక నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క బల్ల దగ్గర కూర్చున్న చైనీస్ అమ్మాయి టిష్యూ ప్యాకెట్ జరిపింది. ఆ ప్యాకెట్ ఇక్కడి అలవాటు ప్రకారం ఆమె సీటు ఆపుకోవడానికి బల్ల మీద పెట్టుకున్నది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను, ఏమీ ఎరగనట్టు. "బటన్ మధ్యలో ఉంటుందట. నాకు స్టీరింగ్ వదిలే ధైర్యం లేదు. మీరే నొక్కాలి."

"నేను వెనక కదా కూర్చునేది."

"వెనక్కూర్చుంటే చెయ్యి ఎలా అందుతుంది?"

ఆయన పెరుగన్నం కలుపుకుని తినేశారు. తర్వాత పెట్టె సంగతి ఎత్తలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే, టీవీ ముందు కూర్చుని డైనింగ్ టేబుల్ అంచు మీద బొటనవేలితో నొక్కి వదిలి, నొక్కి వదిలి సాధన చేస్తున్నారు. ఒక్కసారిగా నొక్కకూడదట, మెల్లగా నొక్కి పట్టాలట. నేను చూడనట్టు అవతలికి వెళ్లిపోయాను.

జూన్‌లో వెళ్లాం. పెర్త్‌లో చలికాలం. ఖాళీ మైదానంలో ఆ అబ్బాయి నాకు రెండు రోజులు నేర్పాడు. కారవాన్‌ను మొదటిసారి తగిలించి కదిలించినప్పుడు అద్దంలో చూశాను. మా పుంగ్గోల్ హాలంత ఇల్లు, కర్టెన్లతో సహా, నా వెనకాలే వస్తోంది. నేను తిరిగితే తిరుగుతోంది, ఆగితే ఆగుతోంది. ఇంత పెద్దది నా మాట వింటోందా అని నాకే నమ్మకం కలగలేదు. పక్క సీట్లో ఆయన బటన్ మీద వేలు పెట్టకుండా, దాని పక్కన చెయ్యి ఆనించి, బిగుసుకుని కూర్చున్నారు. ఆయన్ను ముందు సీట్లో చూసి ఎన్ని నెలలైందో.

బయల్దేరే రోజు సామాను సర్దాం. అక్కడే, మా వాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు చేశాం.

కారవాన్‌కు ముందు వైపు, కారుకు దగ్గరగా, ఒక పెద్ద డిక్కీ ఉంటుంది. వంటిల్లు వెనక చివర ఉంది. నేను మొదట సర్దింది దేవుడి పెట్టె. చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం, ఆ ఇత్తడి కుందులు, అగరొత్తులు. ప్రయాణంలో దేవుడు ముందుండాలి కదా. ముందు డిక్కీ తుడిచి, కొత్త తువ్వాలు పరిచి, పెట్టెను మధ్యలో పెట్టాను. ఇక ఐస్ పెట్టెలో చేపలు, కోడి. వాటిని దేవుడి దగ్గర ఎలా పెడతాం? వెనక. చెప్పులు, బూట్లు? వెనక. ఉల్లిపాయలు, వెల్లుల్లి కూడా వెనకే, ఎందుకైనా మంచిదని. బియ్యం బస్తా, మంచినీళ్ల డబ్బాలు, కుక్కరు, పప్పులు వంటింటి సామాను కాబట్టి అవీ వంటిల్లున్న చోటికే వెళ్లాయి. పెర్త్ అబ్బాయి భార్య ఆవకాయ జాడీ ఒకటి ఇచ్చింది, రుబ్బురాయి అంత బరువు. అదీ వెనకే.

నలుగురు పెద్దవాళ్లం అక్కడ నిలబడ్డాం, నలుగురం ఇంజనీర్లమే. ట్రెడ్‌మిల్ ప్రయోగం చేసిన పిల్ల కూడా నీళ్ల డబ్బాలు తనే మోసింది. ఎవరికీ తట్టలేదు. అబ్బాయి డిక్కీ మూస్తూ స్వామికి దణ్ణం కూడా పెట్టాడు.

ఊరు దాటి కొండలెక్కేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత వచ్చిన రోడ్డు లాంటి రోడ్డును నేను జీవితంలో చూడలేదు. మలుపు లేదు, బ్లాక్ లేదు, మనిషి లేడు. ఎర్రమట్టి, బూడిదరంగు పొదలు, పైన అడ్డులేని ఆకాశం. సింగపూర్‌లో ఏ వైపు చూసినా చూపు వెంటనే ఎవరో ఒకరి కిటికీకి తగులుతుంది. ఇక్కడ చూపు వెళ్లి వెళ్లి అలసిపోయి తనే వెనక్కి వస్తోంది. "ఇంత చోటు ఎవరికోసం ఉంచారో," అన్నారు ఆయన. నిజంగా ఎవరినో అడుగుతున్నట్టే అన్నారు.

కారవాన్ అప్పుడప్పుడూ తోక ఆడిస్తున్నట్టు నాకు అనిపిస్తూనే ఉంది. కడ్డీలున్నాయి కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

ఒక చోట రోడ్డు కొద్దిగా పల్లంలోకి దిగింది. అప్పుడే మూడు పెట్టెలు తగిలించుకున్న పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. దాని గాలి ముందు మమ్మల్ని అవతలికి తోసింది, తర్వాత తన వైపు లాగింది. అద్దంలో మా ఇల్లు ఒక పక్కనుంచి మాయమై రెండో పక్కన కనిపించింది. మళ్లీ ఇటు. స్టీరింగ్ నా చేతుల్లో తేలికైపోయింది. కారు వెనక భాగాన్ని ఎవరో కొంగు పట్టుకుని ఈడుస్తున్నట్టుంది. నా కాలు బ్రేకు మీదికి వెళ్లింది. వెనక సీట్లోంచి అమ్మాయి, "అమ్మా, డోంట్," అంది.

ఆయన బటన్ నొక్కారు. డైనింగ్ టేబుల్ మీద నొక్కినట్టే, మెల్లగా, వదలకుండా.

వెనక నుంచి ఒక బరువైన చెయ్యి మమ్మల్ని పట్టి ఆపింది. నేను బ్రేకు తొక్కలేదు, స్టీరింగ్ తిప్పలేదు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి రోడ్డు వైపు మాత్రం చూస్తూ ఉన్నాను. ఒక ఊపు పెద్దది, తర్వాతిది చిన్నది, ఆ తర్వాతిది ఇంకా చిన్నది. ఇల్లు వచ్చి మా వెనక తన చోట నిలబడింది. భయం ఆ తర్వాత వచ్చింది. ముందు కలిగింది మాత్రం ఆశ్చర్యమే. అంత పెద్ద ఇనుము, అంత ఊపు, ఒక బొటనవేలి కింద అణిగిపోయింది. దారి తప్పే కరెంటు తన తలలోనే ఉందని నెలల తరబడి తనని తానే నమ్మని మనిషి వేలు అది. అది కొంచెం కూడా వణకలేదు.

లారీలు ఆగే చోటు వచ్చాక బండి పక్కకు తీసి ఆపాను. ముగ్గురం దిగాం. గాలి చల్లగా కొడుతోంది. అమ్మాయి వెనక తలుపు తీసి లోపలికి చూసింది. బియ్యం, నీళ్లు, ఆవకాయ జాడీ. తర్వాత ముందుకు వెళ్లి డిక్కీ తెరిచింది. అంత పెద్ద డిక్కీలో తువ్వాలు మీద ఒక చిన్న పెట్టె. వెంకటేశ్వరస్వామి ఒక్కరే, హాయిగా.

"అమ్మా. ద ట్రెడ్‌మిల్," అంది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఆయనే నవ్వారు. తర్వాత నాకూ ఆగలేదు. రోడ్డు పక్కన కూర్చుని నవ్వాను.

పెర్త్ అబ్బాయికి స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తే వాడు నెత్తి కొట్టుకున్నాడు. "నేను చూసి కూడ దణ్ణం పెట్టిన వదినా. కడ్డీలు లేకుంటె ఇంకెట్లుండేదో. అవి మందు అసుంటియి. పథ్యం మనమే చెయ్యాలె. బరువంతా ముందుకు జరుపుండ్రి."

మందు, పథ్యం అన్న మాటలకు మా ఆయన నా వైపు చూశారు. ఇక మోత మొదలైంది. బియ్యం బస్తా, నీళ్ల డబ్బాలు, జాడీ, కుక్కరు ముందు డిక్కీలోకి వచ్చాయి. స్వామిని బియ్యం బస్తా మీద కూర్చోబెట్టాను, అంతకన్నా శుచైన చోటు ఏముంది? చేపల పెట్టె దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆయన దాన్ని తీసుకెళ్లి కారవాన్ మధ్యలో, చక్రాల మీద పెట్టారు. "ఇక్కడైతే ఎవరికీ ఇబ్బంది లేదు," అన్నారు.

మళ్లీ బయల్దేరాం. ఒక్క వస్తువు తీసెయ్యలేదు, ఒక్కటి కొనలేదు. అంతా అదే. కానీ ఆ కారవాన్ వేరే బండి. ఇంకో పెద్ద లారీ దాటింది. మా ఇల్లు ఒకసారి భుజం కదిపి ఊరుకుంది. ట్రెడ్‌మిల్ మీద చూసింది ఇప్పుడు నా వెన్నులో తెలుస్తోంది, ఎక్కడుండాల్సిన బరువు అక్కడుంటే ఎంత నెమ్మదో. ఆ తర్వాత ఆ ప్రయాణంలో బటన్ నొక్కాల్సిన అవసరమే రాలేదు. ఆయన మాత్రం చెయ్యి అక్కడే పెట్టుకుని కూర్చున్నారు, ఎర్రమట్టి నేలలు చూస్తూ, నాకు దారి చెబుతూ, అప్పుడప్పుడూ పాడుతూ.

సింగపూర్ తిరిగొచ్చాం. ఆఫీసులు, ఎల్ఆర్‌టీ రైలు, టాబ్లెట్లు, అంతా మామూలే. డాక్టర్ ఇప్పటికీ చూద్దామనే అంటోంది. ట్రెడ్‌మిల్ మీదికి బట్టలు తిరిగొచ్చాయి.

ఒక శనివారం సామాన్లు తేవడానికి కారు అద్దెకు తీసుకున్నాం. కార్‌పార్క్‌లో నేను స్టీరింగ్ ముందు కూర్చుని అద్దాలు సరిచేసుకుంటున్నాను. మా అమ్మాయి అలవాటుగా ముందు తలుపు తీసింది. వెనక నుంచి ఆయన వచ్చి, ఆ తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"నాన్నా, మై సీట్ లా," అంది.

"కాదమ్మా, నువ్వు వెనక్కి వెళ్లు," అన్నారు. "బరువు ముందుండాలి."

ఆ పిల్ల వెళ్లి వెనక కూర్చుంది. ఆయన నా పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నారు, ఏ బటనూ లేని డాష్‌బోర్డ్ మీద ఒక చెయ్యి ఆనించారు. నేను కాసేపు బండి తీయలేకపోయాను, కళ్లకు దారి కనిపించలేదు. ఆయన తొందరపెట్టలేదు. తర్వాత ఇద్దరం కలిసి ర్యాంపు దిగాం.